కోఠీ రెసిడెన్సీ మేడ



నేటి విషయము హైదరాబాదు నగరమున కోఠీ యను పేటలో నున్న పాత రెసిడెన్సీ భవనము. నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో చరిత్రపాఠము చెప్పి విశ్రాంతి పొందినవాడను. సైన్యసహకార పద్ధతి యను శీర్షికను నల్లబల్లమీద ఏటేట వ్రాయుచు, దాని షరతులను బాలురచే వల్లెవేయించితిని. ఆ షరతులు నిజాము రాజ్యమున నడచిన యిల్లు మన రాజధానిలో నేటికిని నిలిచియున్నదని యెఱిగియు, అఱువదియేండ్లు దాటువఱకు దానిని చూచిన పాపమున బోలేదు. మొన్న నా మనుమరాలికి ఆ యావరణలోనే చదువుకొను నవకాశము లభించుటచే ఆ లోపము తీఱినది.

హైదరాబాదు మేడతో వేంసూరు వారికేమి పని యని మీరడుగవచ్చును. పని యున్నది. మా తాతగారి చిన్ననాట మా యూరినుండి కొన్ని క్రోసులు తూర్పుగా నడచినచో రాజ్యము మాఱెడిది. ఇవతల నిజాము ఇలాకా, అవతల ఇంగ్లీషు ఇలాకా. ఇవతల హాలీసిక్కా రూపాయి, అవతల కలదారు రూపాయి. నడుమ కరోడ్‌గిరీ నాకా. అచ్చట మూట విప్పి చూపి సుంకము చెల్లింపవలెను. తిరువూరు వైపు చుట్టఱికమునకు బోవువాడును తన పొగాకు కట్టకు లెక్క చెప్పవలసినదే. ఇరువైపుల నొకటే భాష, అవే యింటిపేరులు, భద్రాద్రి రామునికే మ్రొక్కుబడులు. నడుమ మాత్రము గీత. ఆ గీత తొలుత 1766లో గీయబడినది. అది యిక చెరగకుండునట్లు స్థిరపఱచిన బేరము మాత్రము ఆ మేడలో నివసించినవారి చేతిమీదుగా జరిగినది. అందుచేత ఆ మేడను చూడబోవుట నాకు విహారయాత్రగా తోపలేదు; మన పొలము దస్తావేజు ఏ పెట్టెలో నున్నదో చూడబోవుచున్నట్లు తోచినది.

సత్తుపల్లిలో బస్సెక్కి, ఖమ్మము, సూర్యాపేటల మీదుగా నగరమున కేగి, మూసీనది పజ్జనున్న బస్సునిలయమున దిగితిమి. అచ్చటినుండి కోఠీ నడకదూరమే. కోఠీ యనగా హిందూస్థానీలో పెద్దమేడ యని యర్థము. ఈ మేడనుబట్టియే ఆ పేటకా పేరు వచ్చినది. వీధిలో పుస్తకముల యంగళ్లును, బస్సుల రొదయు, జనసమ్మర్దమును. గోడ దాటి లోని కడుగిడినంతనే చెట్లనీడ. ఆ నీడలో నడచుచుండగా మేడ ముందు నిలిచినది.

ముఖమున ఆఱు స్తంభములు. ఒక్కొక్క స్తంభము నేలయంతస్తు మేడయంతస్తు రెండింటిని దాటి పైకప్పువఱకు పోవుచున్నది. వానిపై త్రికోణాకారమైన ముఖపట్టము. దానిలో ఈస్టిండియా కంపెనీవారి లాంఛనము. క్రింద వెడల్పైన మెట్లవరుస. దాని కిరుప్రక్కల రెండు సింహపు బొమ్మలు. చూచినతోడనే నాకు దేవాలయమను భ్రాంతి కలిగినది. ఆ భ్రాంతి పూర్తిగా తప్పుకాదు. ఈ రూపము నిజముగా గుడిరూపమే, మన గుడి కాదు, యవనుల గుడి.

యవనులనగా గ్రీకులు. వారు క్రీస్తునకు పూర్వ మయిదవ శతాబ్దిలో ఏథెన్సు నగరపు కొండమీద పార్థెనాను మొదలగు దేవళములను కట్టిరి. వరుస స్తంభములు, వానిపై అడ్డదూలము, ఆపై త్రికోణము, ఇదియే వారి పద్ధతి. రోమకులు దానిని స్వీకరించి పెంచిరి. వేయేండ్లకు పైగా మఱుగుపడిన యీ పద్ధతిని పదునాఱవ శతాబ్దిలో ఇటలీదేశపు పల్లాడియో యను స్థపతి మఱల వెలికిదీసి, ధనికుల యిండ్లకు గుడిముఖములు తగిలించెను. అటుపిమ్మట 1748 మొదలు పాంపేయీ యను పురమును బూడిదక్రిందినుండి త్రవ్వి తీయుచుండగా, యూరోపు ఖండమంతట ప్రాచీనశిల్పముపై వెఱ్ఱి పుట్టినది. పారిసు నగరమున పాంథెయాను 1790లోను, బెర్లిను నగరమున బ్రాండెన్‌బర్గు ద్వారము 1791లోను పూర్తియైనవి. అమెరికా అధ్యక్షుని వైట్‌హౌసునకు 1792లో పునాది పడినది. కలకత్తాలో వెల్లస్లీ ప్రభువు గవర్నరు జనరలు భవనమును 1803లో ముగించెను. ఆ గాలియే వీచి మూసీ యొడ్డునకు వచ్చినది. రోమును పారిసును చూడలేని నాబోటివాడు ఆ శిల్పమెట్టిదో తెలిసికొనవలె నన్న కోఠీకి పోయిన చాలును.

స్తంభముల తలలను తలయెత్తి చూచితిని. అవి ఆకుల గుత్తులవలె విచ్చుకొనియున్నవి. ఈ తీరునకు కొరింథు పద్ధతి యని పేరు. దీని పుట్టుకనుగూర్చి విట్రూవియసను రోమక శిల్పశాస్త్రకారు డొక కథ చెప్పెను. కొరింథు పురమున నొక కన్య మరణించెను. ఆమెను పెంచిన దాది ఆ పిల్ల యాడుకొన్న గిన్నెలను ఒక గంపలో నుంచి, గంపపై పెంకు కప్పి, సమాధిమీద పెట్టి వచ్చెను. గంపక్రింద నొక ముండ్లమొక్క వేరుండెను. వసంతమున దాని ఆకులు మొలచి గంప చుట్టు నల్లుకొని, పెంకు తగిలి మొనలు వంగినవి. ఆ దారిని బోవుచున్న కల్లిమాకసను శిల్పి దానిని చూచి రాతిలో చెక్కెనట. కథ నిజమో కాదో యెట్లున్నను, ఒక ముసలిదాని దుఃఖము రెండువేల యేండ్లు తిరిగి తిరిగి మన నగరపు స్తంభములమీద నిలిచినది.

నేను పాలరాయియని భ్రమసి దగ్గఱకు పోయి తాకిచూచితిని. పైపొర గచ్చు. డంగుసున్నమును గానుగలో నూఱి, బెల్లపునీరు, కరక్కాయ కషాయము చేర్చి పూసి, నునుపురాతితో మెఱుగుపెట్టు విద్య మన తాపీవారి పాతవిద్యయే. మదరాసు గచ్చు పాలరాతితో సమానముగా మెఱయునని ఆనాటి తెల్లవారు మెచ్చుకొనెడివారు. ఈ మేడకు పటము వేసినవాడు మదరాసు ఇంజనీరుల దళమునకు జెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెలు. కట్టినవారు మాత్రము ఈ దేశపు పనివారే. పటము వేసినవాని పేరు పుస్తకముల కెక్కినది. కట్టినవారి పేరొక్కటియు లేదు. మన పాలంపేట దేవళమును శిల్పిపేరను రామప్పగుడి యని పిలుచు వాడుక కలదుగదా; ఇచ్చటివారి కా భాగ్యమబ్బలేదు.

ఇక ఈ మేడ యేల పుట్టెనో చెప్పెదను. నిజాము అలీఖానుని కాలమున హైదరాబాదులో రేమాండను ఫ్రెంచివాడు పదివేలకు మించిన సిపాయీలకు కవాతు నేర్పి యుంచెను. ఇంగ్లీషువారికి ఫ్రెంచివారిపేరు వినిన కంట నిద్రలేని దినము లవి. రేమాండు 1798 మార్చిలో మరణించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదిని నిజాము కంపెనీతో సంధిపత్రము వ్రాసెను. కంపెనీ సైన్యము 6,000 మంది నిజాము రాజ్యమున నుండునట్లును, దాని ఖర్చునకు ఏటేట 24 లక్షలకు పైగా నిజాము చెల్లించునట్లును ఒడంబడిక. అక్టోబరు 22వ తేదిని ఫ్రెంచి దళముచే ఆయుధములు దింపించిరి. రెండేండ్లు తిరుగకమున్నే, అనగా 1800లో, ఆ సైన్యపు ఖర్చునకు బదులుగా బళ్లారి, కడప మొదలగు సీమలను నిజాము కంపెనీకి ధారపోసెను. దత్తమండలములను పేరు వాని కట్లు వచ్చినది. కాపలాకు పెట్టుకొన్నవాని జీతమునకు చేనే వ్రాసి యిచ్చుట యనగా నిట్లుండును.

ఈ పనులన్నిటిని చక్కబెట్టిన రెసిడెంటు జేమ్సు అకిలీస్ కిర్క్‌పాట్రికు. ఇతడు 1764లో మదరాసులోనే పుట్టినవాడు. పారసీ, హిందూస్థానీ బాగుగా నెఱుగును; ఇంటిలో మొగలాయి దుస్తులు ధరించెడివాడు; దర్బారులో హష్మత్ జంగను బిరుదు వహించినవాడు. పాత యింటిలో నుండుట తన పదవికి తగదని తలచి, క్రొత్త మేడకు స్థలము కోరెను. ఈ కోరికనుగూర్చి యొక ముచ్చట చెప్పుదురు. అతడు స్థలమును కొలిపించి, పెద్ద కాగితముమీద పటము వ్రాయించి నిజామునకు చూపగా, నిజాము వెంటనే వల్లకాదనెను. రెసిడెంటు చిన్నబోయి మీర్ ఆలముతో మొఱపెట్టుకొనెను. మీర్ ఆలము నవ్వి, మీ పటము మా ప్రభువు చూచిన తన రాజ్యపటమంత యున్నది, భయపడడా? చిన్న చీటిమీద గీచి తెండు, అని సలహా చెప్పెను. చిన్న చీటిమీద గీచి తెచ్చిరి. నిజాము చూచి సరేయనెను. పోతనగారి భాగవతము చదివినవారికి ఈ కథ క్రొత్తకాదు. వామనుడు మూడడుగులే కదా యడిగినది! శుక్రాచార్యుడు మాత్ర మీ సభలో లేకపోయెను.

మేడ పని 1803 ప్రాంతమున మొదలైనది. నిజాము అలీఖాను ఆ సంవత్సరము ఆగస్టులోనే గతించెను. కొడుకు సికందర్ జా గద్దె యెక్కెను. పనికగు ద్రవ్యమంతయు నిజాము ఖజానాయే యిచ్చినది. ఖజానా యనగా నేమి? మన తాతముత్తాతల శిస్తు.

ఇచ్చట నాకు మన గోపన్న జ్ఞప్తికి వచ్చెను. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీలుదారై, సర్కారు పైకముతో భద్రాద్రిమీద రామునికి గుడి కట్టించినందులకు గోలకొండ చెఱసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. అది తానీషా కాలము. నూటికి పైగా నేండ్లు గడచిన పిమ్మట అదే గడ్డమీద, అట్టి సర్కారు పైకముతోనే, పరదేశపు కంపెనీ నౌకరునికి గుడివంటి మేడ లేచినది. దానికి ఖైదు లేదు, కొరడా లేదు. పైగా ప్రభువు చేతిమీదుగానే పైకము వచ్చినది. ఇట్లు పోల్చుట భక్తులకు కష్టముగా నుండవచ్చును. ఆ మెట్లమీద నిలిచి నేను వేఱువిధముగా తలపలేకపోతిని.

న్యాయముగా నింకొకటి కూడ చెప్పవలెను. మేడకు స్థలమిప్పించిన మీర్ ఆలమే 1804లో దివానుగిరి చేపట్టి, నగరపు దాహము తీఱుటకై తన పేరిట నొక చెఱువు త్రవ్వించెను. దాని కట్ట విల్లువలె వంగిన ఇరువదియొక్క అర్ధచంద్రముల వరుస. నీరు నెట్టిన కొలది ఆ విల్లులు ప్రక్కల దిమ్మలమీద భారము మోపి గట్టిపడునుగాని తెగవు. రెండు శతాబ్దులు గడచినను ఆ కట్ట నిలిచియున్నది. చెఱువు విలువ తెలిసిన మనవారు నగరమునకు బోయినపుడు దానిని గూడ చూచి రావలెనని నా మనవి.

మెట్లెక్కి లోనికి పోతిమి. దర్బారుసాల రెండంతస్తుల యెత్తు. పైన నాలుగువైపుల వసారా. అచ్చటినుండి క్రింది సభను చూడవచ్చును. గోడలకు నిలువుటద్దములు, కప్పునుండి వ్రేలాడు గాజుదీపముల గుత్తులు. వీనిలో కొన్ని ఇంగ్లాండు యువరాజు కొలువునుండి కొనితెచ్చినవని చెప్పుదురు. దర్బారుసాల దాటినంత గ్రుడ్డు ఆకారముగల బావివంటి చోట మెట్లు రెండుగా చీలి గోడవెంబడి పైకి పోయి కలిసికొనును. ఆ వంపు చూచి తీఱవలసినదే, మాటలతో చెప్పరాదు. నేను నాలుగు మెట్లెక్కి దిగి, మఱల నెక్కితిని, మనుమరాలు నవ్వినది.

ఇంత మేడను కట్టించినవాడు దాని ముగింపు చూడలేదు. 1805లో కిర్క్‌పాట్రికు క్రొత్త గవర్నరు జనరలైన కారన్‌వాలిసును కలియుటకై కలకత్తాకు పోయి, అక్టోబరు 15వ తేదిని అచ్చటనే మరణించెను. మేడ మఱుసటి యేడు పూర్తియైనది.

అతనివెనుక నొక యిల్లాలున్నది. ఆమె ఖైరున్నిసా బేగము, మీర్ ఆలము కుటుంబపు బిడ్డ. కిర్క్‌పాట్రికు ఆమెను ముసల్మాను పద్ధతిని వివాహమాడెను. ఆ వివాహమునుగూర్చి పైయధికారులు విచారణ జరిపిరి గాని, అతని పదవి నిలిచినది. ఘోషాలోనుండు ఆమెకొఱకు ఆవరణలోనే రంగమహలను జనానా కట్టించెను. పరపురుషులు తిరుగు ముఖద్వారమునకు ఆమె రాజాలదు. అందుచేత మేడయొక్క చిన్న నమూనాను, స్తంభములతో ముఖపట్టముతో సహా, జనానా తోటలో కట్టించి యామెకు చూపెనని చెప్పుకొందురు. ఆ బొమ్మమేడను నేను చూచితిని. పిల్లలాడుకొను బొమ్మరింటికన్న పెద్దది, మనుష్యుడుండుటకు చాలనిది. పెద్దమేడయెదుట కలుగని యొకవిధమైన జాలి దానియెదుట కలిగినది.

వారికిద్దఱు బిడ్డలు. కొడుకు 1801లోను, కూతురు 1802లోను పుట్టిరి. నాలుగేండ్లవానిని మూడేండ్లదానిని 1805లో ఓడ యెక్కించి ఇంగ్లాండునకు పంపిరి. పోవునపుడు మదరాసులో చిన్నరీ యను చిత్రకారుడు ఆ బిడ్డల నిద్దఱను హైదరాబాదు దుస్తులలోనే నిలిపి చిత్రపటము వ్రాసెను. తల్లి వారిని మఱల చూడలేదు; 1813లో చిన్నవయసుననే కన్నుమూసెను. కూతురు కిట్టీ యని పేరుపడి, కార్లైలు వంటి గొప్ప గ్రంథకర్త మెచ్చిన చక్కదనముతో ఇంగ్లాండుననే పెరిగి, 1889వఱకు జీవించెను. నడివయసులో ఆమెకును హైదరాబాదులోనున్న అమ్మమ్మ షరఫున్నిసాకును ఉత్తరములు నడచినవి. అమ్మమ్మ పారసీలో వ్రాయించును, మనుమరాలు ఇంగ్లీషులో వ్రాయును. నడుమ నొకరు తర్జుమా చేయవలెను. వారిద్దఱు మరల కలిసికొనకయే అమ్మమ్మ 1847లో గతించెను. ఇక రంగమహలును 1860లో పడగొట్టించిరి.

మనము గీత మాట మఱవరాదు. కిర్క్‌పాట్రికు పిమ్మట రెసిడెంట్లు పలువురు వచ్చిరి. మేడ ఠీవి పెరిగినకొలది ఖజానా క్రుంగినది. దివాను పేరిటికి ఉండగా, పేష్కారు చందూలాలు సర్వము నడపెను. తాలూకాలను గుత్తకిచ్చుట, గుత్తదారు రైతును పిండుట, పిండలేనిచో పల్లె పాడువడుట, ఇది ఆనాటి తెలంగాణపు కథ. కంపెనీ యధికారులక్రింది నిజాము సైన్యమునకు జీతములియ్యవలెను, పైకము లేదు. రెసిడెన్సీ ఛాయలోనే విలియం పామరను దొర సాహుకారు కొట్టు నడపుచుండెను. అధికవడ్డీకి అప్పిచ్చి, తాలూకాల శిస్తును తాకట్టు పట్టెను. 1820లో మెట్కాఫు రెసిడెంటుగా వచ్చి ఈ వ్యవహారము చూచి నివ్వెఱపోయెను. తెల్లయధికారులను పల్లెలకు పంపి శిస్తు నిర్ణయించి, గుత్తదారుల నోరు కొంత కట్టించెను. ఈయనను నేను మెచ్చుకొందును; ఆ మేడలో నివసించినవారిలో రైతుముఖము చూచినవాడీయన. ఐనను అప్పు తీఱవలెనుగదా!

అది తీర్చిన విధము వినుడు. 1766 సంధిచే ఉత్తరసర్కారులు, అనగా మన తూర్పుననున్న కృష్ణా గోదావరీ సీమలు, కంపెనీ వశమైనవి. కాని యవి దానముగా పోలేదు. వానికి ప్రతిగా కంపెనీ నిజామునకు ఏటేట పేష్కషు చెల్లింపవలెను. అది యేడాదికి 7 లక్షలు. ఆ పేష్కషు నిలిచినంతకాలము ఆ సీమకు యజమాని నిజామే యను మాట కాగితముపైనైన నుండెను. 1823లో కంపెనీ, నూటికి ఆఱు వంతున ఈ 7 లక్షలు ఎంత యసలుపై వడ్డీయగునో లెక్కగట్టి, 1,16,66,666 రూపాయల నొక్కమాఱే విడిచి, పామరు అప్పు తీర్పించి, పేష్కషును శాశ్వతముగా రద్దుచేసికొనెను. లెక్క తప్పులేదు, బడిపిల్లలచే చేయించినను వచ్చును. ఆ లెక్కతో మా యూరి తూర్పుగీత రాతిగీత యైనది. సాహుకారు వడ్డీకై పోయిన సీమ యది.

1857లో ఈ మేడపై తుపాకులు పేలినవి. జూలై 17వ తేది సాయంకాలము, రోహిల్లాలతో గూడి తుర్రేబాజ్‌ఖానును, మౌల్వీ అల్లాఉద్దీనును రెసిడెన్సీపై పడిరి. దగ్గఱనున్న అబ్బన్ సాహెబు, జయగోపాలదాసుల యిండ్లలో చొరబడి రాత్రియంతయు కాల్పులు జరిపిరి. ప్రథమ సాలార్ జంగు ముందే వార్త పంపియుండుటచే రెసిడెంటు డేవిడ్‌సను ఫిరంగులు సిద్ధముచేసికొనియుండెను. తెల్లవాఱునప్పటికి తిరుగుబాటు చెదరినది. తుర్రేబాజ్‌ఖాను పట్టువడి, చెఱనుండి తప్పించుకొని, 1859లో తూప్రాను సమీపమున చంపబడెను. మౌల్వీని అండమానుకు పంపిరి, తిరిగి రాలేదు.

ఆ విశ్వాసమునకు బహుమానముగా 1860లో మఱొక సంధి జరిగినది. 50 లక్షల యప్పు రద్దుచేసిరి; రాయచూరు మొదలగు సీమలు నిజామునకు తిరిగియిచ్చిరి. గోదావరి యెడమయొడ్డున నున్న తాలూకాలు మాత్రము ఇంగ్లీషువారు పుచ్చుకొనిరి. ఆ తాలూకాలలో మన భద్రాచలము కలదు. గోపన్న గుడి కట్టిన కొండ ఇట్లు మనకు పరరాజ్యమైనది. యాత్రికుడు నది దాటినచో రాజ్యమే దాటినట్లు. అది మఱల ఖమ్మము జిల్లాలో చేరుట 1959లోనే.

ఇంగ్లీషువారు పోయిరి, నిజాము రాజ్యమును పోయినది. 1924లో నాంపల్లిలో పుట్టిన స్త్రీల కళాశాల 1949లో ఈ మేడలోనికి వచ్చినది. బేగము ముఖద్వారమునకు రాజాలని యింటిలో ఆడుపిల్లల బడి! తరగతులు నడచి నడచి మేడ శిథిలమైనది. కప్పు కాఱినది, గచ్చు రాలినది. ప్రపంచ స్మారకనిధివారి తోడ్పాటుతో చాలయేండ్లు మరమ్మతు జరిగి మఱల నిలువద్రొక్కుకొన్నది. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. పాలకుర్తిలో తాను పండించిన పంటను దొర కొల్లగొట్టకుండ నిలువరించిన ముసలమ్మ పేరు, నిజాము శిస్తుతో లేచిన మేడయున్న చదువులచోటికి. ముఖపట్టముమీద కంపెనీ లాంఛనము మాత్రము ఇంకను అట్లే యున్నది. దానిని చెక్కివేయవలెనని యొకరిద్దఱు నాతో ననిరి. నాకా యభిప్రాయము లేదు. అప్పుపత్రమును చించివేసినచో ఎంత యిచ్చితిమో పిల్లలకు చూపు టెట్లు?

మేము బయటికి వచ్చునప్పటికి సాయంకాలమైనది. మెట్లమీద పిల్లలు పుస్తకములు ఒడిలో పెట్టుకొని కూర్చుండిరి. వారి మాటలలో ఖమ్మము యాస, పాలమూరు యాస, ఉర్దూ, అన్నియు వినబడినవి. ఒక పిల్ల సింహముపై చేయానించి ఫోనులో ఇంటికి మాటలాడుచు, వచ్చేవారము పచ్చడి పంపుమని తల్లి నడుగుచుండెను.

తిరిగి వచ్చిన రెండవనాడు పనియుండి మా మండలపు టెల్లవైపు పోయితిని. 1956లో రెండుసీమలు నొక్కటియై ఆ గీత చెరిగినది. 2014లో రాష్ట్రములు వేఱుపడినపుడు దాదాపు అదే చోట మఱల నేర్పడినది. నాకా లేదు, మూట విప్పువారు లేరు. గట్టు కవతల నొక రైతు మామిడిమొక్కలకు నీరు కట్టుచుండెను. నన్ను చూచి, పార భుజమున నుంచుకొని, "మాస్టారూ, పట్నమునుండి యెప్పుడు వచ్చితిరి?" అని యావలినుండియే కేకవేసెను.